ఆరో అడుగు దగ్గర ఆగిన ఆనింగ్

1981 జూన్ 6, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. పని వివరాలు రాసుకునే జాబ్ కార్డు మీద ఆ సమయం నా చేతిరాతలోనే ఉంది. మిషిగన్‌లో, నోవైకి అరగంట దూరంలో, ఒక సరస్సు ఒడ్డున ఉన్న కాన్వాస్ షాపులో అప్పటికి ఐదేళ్లుగా పని చేస్తున్నాను. పడవలకు తెరచాపలు, కవర్లు కుట్టే షాపు అది. కాకినాడలో ఆరేళ్లు లెక్కలు చెప్పిన నాకు యజమాని వాల్ట్ మొదట కుట్టు మిషను ఇచ్చాడు. గుడ్డ వృథా కాకుండా నేను వేసే లెక్కలు చూశాక కొలతల బల్ల అప్పగించాడు.

ఆ ఉదయం మా వాకిట్లోకి ఒక కారు, దాని వెనక ఒక చిన్న ట్రెయిలర్ వచ్చి ఆగాయి. ట్రెయిలర్ అంటే కారుకు తగిలించి లాక్కెళ్లే గది. లోపల ఒక మంచం, ఒక బల్ల, ఒక స్టవ్. దిగినాయన జాన్ ప్రసాద్, ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. నెలకోసారి ఇళ్లలో జరిగే తెలుగు ప్రార్థన కూడికలో మాకు పరిచయం.

"వందనాలండీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దీనికి పందిరి కావాలి. డీలర్‌ని అడిగితే ఇంత చిన్నదానికి ఆనింగ్ ఫిట్ అవదన్నాడు. పడవలకి కట్టే మీరు దీనికి కట్టలేరా?"

ఆయన భార్య సుగుణ కారు దిగలేదు. జూన్‌లో కూడా పొడుగు చేతుల జాకెట్టు, వెడల్పు టోపీ. నడుము దాకా జడ. ఆమెకు లూపస్. ఎండ తగిలితే ముఖం మీద ఎర్రగా పొంగుతుంది, జ్వరం వస్తుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. రెండు వేసవులు కర్టెన్లు వేసుకుని ఇంట్లోనే గడిపింది.

"ఈయన నాకోసం చక్రాలున్న గది కొన్నాడక్కా," అని నవ్వింది. "ఇన్నాళ్లూ ఇంటి గదిలో కూర్చున్నాను. ఇకమీదట సరస్సు పక్కన గదిలో కూర్చోవాలట."

"పందిరి వేస్తే బయటే కూర్చుంటావులే," అన్నాను.

"అయితే తలుపులో నిలబడి తాడు లాగితే పరుచుకునేట్టు చెయ్యండక్కా. పందిరి వెయ్యడానికి నేను ఎండలోకి రావాలంటే ఇంక పందిరెందుకు?"

ఆమె అడిగింది అదొక్కటే. దాని చుట్టూనే పని ఆలోచించాను.

పడవ స్తంభానికి నిలువునా ఒక సన్నని లోహపు పట్టా ఉంటుంది. దాన్ని ట్రాక్ అంటారు. తెరచాప అంచుకు కుట్టిన నైలాన్ ముక్కలు ఆ ట్రాక్‌ను పట్టుకుని పైకీ కిందికీ జారతాయి. అవి స్లైడ్లు. నిలువుగా ఉండే ఆ పట్టాను ట్రెయిలర్ గోడకు అడ్డంగా, పైఅంచున బిగిస్తే గుడ్డ కర్టెన్‌లా జరుగుతుంది. బయటి అంచుకు రెండు కర్రలు, వాటి మధ్య స్టీలు తీగ, దాని మీద తెరచాప కొక్కేలు. రెండు చివర్లా కప్పీలు, వాటి గుండా తలుపు దాకా తాడు. తొమ్మిది అంగుళాలకొకటి చొప్పున పదిహేను స్లైడ్లు. గోడ పదిన్నర అడుగులు. మా దగ్గరున్న ట్రాక్ ఆరడుగుల ముక్కలు. అందుకని ఒక ఆరడుగుల ముక్క, పక్కనే నాలుగున్నర అడుగుల ముక్క బిగించి, అతుకు మీద గోరుతో గీసి చూశాను. ఎక్కడా తగల్లేదు.

జూన్ 19న పని పూర్తయింది. నలభైసార్లు లాగి చూశాను. నలభైసార్లూ జారింది. కార్డు మీద "నలభైకి నలభై" అని రాసుకున్నాను.

సోమవారం ప్రసాద్ గారు ఫోన్ చేశారు. "సరస్సు దగ్గర సగంలో ఆగిపోయిందండీ. నేను స్టూలెక్కి చేత్తో తోశాను. నేను లేనప్పుడు తనకి కుదరదు."

27న ట్రెయిలర్ షాపుకు తెచ్చారు. సిమెంటు నేల మీద నిలబెట్టి తాడు లాగాను. వెన్నలో కత్తిలా వెళ్లింది. ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. అయినా పదిహేను స్లైడ్లూ తీసేసి కొత్తవి కుట్టాను. ట్రాక్‌కు మైనం రుద్దాను.

జూలై 4న మళ్లీ ఆగింది. అదే చోట, ఆరో అడుగు దగ్గర. ఆరో అడుగు అంటే అతుకు. రెండు రోజులు ఆలోచించాను. ఇసుకా? తేమా? ఎండకు లోహం సాగుతోందా? లెక్క వేస్తే పదిన్నర అడుగులకు అంగుళంలో పదహారో వంతు వచ్చింది. జవాబు దొరికిందనుకున్నాను.

11న ఇద్దరూ వచ్చారు. అతుకు దగ్గర ఆకురాయితో రాసి, పదహారో వంతు సందు వదిలాను. ఈసారి సుగుణ చేతికే తాడు ఇచ్చాను. ఒంటి చేత్తో లాగింది. పందిరి చివరిదాకా వెళ్లింది.

"ఇక్కడ ఇంత తేలిగ్గా వస్తోందే, అక్కడేమైంది మరి?" అంది.

నాకూ అదే అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పి ఊరుకుంటే బాగుండేది. "అక్కడ భయపడుతూ లాగుతున్నావేమోనమ్మా," అన్నాను. "గట్టిగా లాగు. ఆగితే వదలకు."

"అలాగే అక్కా."

18వ తేదీ మధ్యాహ్నం ప్రసాద్ గారు ఐసు తేవడానికి కారులో వెళ్లారు. పందిరి ఆరో అడుగు దగ్గర ఆగింది. సుగుణ గట్టిగా లాగింది. వదలకుండా లాగింది. తాడు ఒరుసుకుని అరచేతులు కమిలాయి. తప్పు తన చేతిదేనని నమ్మి, స్టూలు పట్టుకుని బయటికొచ్చింది. అతుకు దాటాల్సిన స్లైడ్లు ఆరు. ఆరింటినీ ఒక్కొక్కటే తోసింది. ఆయన తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలైంది. పందిరి పూర్తిగా పరుచుకుని ఉంది, ఆమె దాని కింద కూర్చుని వణుకుతోంది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు.

మరుసటి శనివారం, సరస్సు దగ్గరే ఉండిపోయిన ట్రెయిలర్ తెచ్చుకోవడానికి ఆయనతో పాటు నేనూ వెళ్లాను. దారిలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నయమనిపించింది.

పందిరి పరిచినట్టే ఉంది. మూసేద్దామని తాడు లాగాను. అతుకు దగ్గర బిగుసుకుంది. నేను లాగుతూనే ఉన్నాను. ఆయన వెనక మూల దగ్గర వంగి, ట్రెయిలర్ దించడానికి జాక్ తిప్పడం మొదలుపెట్టారు. నాలుగైదు తిప్పులకు నా చేతిలోని తాడు వదులై, పందిరి దానంతటదే జారింది.

"ఆగండి! మళ్లీ ఎత్తండి," అన్నాను.

ఎత్తారు. తాడు బిగుసుకుంది. దించమన్నాను. జారింది. నాలుగుసార్లు అలాగే చేశాం. ఎత్తినప్పుడు స్టూలెక్కి అతుకు మీద గోరు పెట్టాను. ఒక ముక్క రెండోదానికంటే పైసా మందం బయటికొచ్చి ఉంది.

ట్రెయిలర్ నాలుగు మూలల్లో ఉండే జాక్‌లు అది ఊగకుండా ఆనించడానికే. ఎత్తడానికి కావు. ఒక్క మూలే ఎత్తితే అడుగున చట్రం మెలి తిరుగుతుంది, దాంతోపాటు గోడా తిరుగుతుంది. పడవ స్తంభానికి ఆ బాధ లేదు. మా షాపు నేల సమంగా ఉంటుంది కాబట్టి అక్కడ మెలికా లేదు.

"ఇంత ఎత్తు ఎందుకు లేపారు?"

"దోసెలకండీ."

"దేనికి?"

"స్థలం వాలుగా ఉంది కదా. పెనం మీద పిండి ఒక పక్కకి కారిపోతోంది. మొదటిరోజు నా దోసె మిషిగన్ మ్యాప్‌లా వచ్చిందని సుగుణ ఒకటే నవ్వు. అందుకని దోసె గుండ్రంగా వచ్చేదాకా జాక్ తిప్పుతానండీ."

"షాపులో ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"మీరు పందిరి గురించి అడిగారు. దోసెల గురించి అడగలేదు కదండీ."

వాల్ట్‌కు జరిగింది చెప్పాను. విని, "పడవ కొలతలు తీసుకునేటప్పుడు అది ఏ నీళ్ల మీద తిరుగుతుందో అడుగుతావు. దీన్ని ఏ నేల మీద పెడతారో అడిగావా?" అన్నాడు. అడగలేదు. పొడవు, ఎత్తు, తలుపు ఏ పక్క, గుడ్డ ఏ రంగు, అన్నీ అడిగాను. అదొక్కటీ అడగలేదు.

వాళ్ల ట్రెయిలర్‌కూ, ఆ తరువాత చేసిన ముప్ఫై ఒక్క ట్రెయిలర్లకూ ట్రాక్ ఒకే ముక్కగా తెప్పించి బిగించాను. పల్లంలో ఉన్న చక్రం కింద పలక పెట్టి సమం చేసుకోవాలని, జాక్‌లు చేతి బిగువుకు మించి తిప్పకూడదని ప్రతి ఒక్కరికీ కాగితం మీద రాసిచ్చాను. జాబ్ కార్డులో మొదటి గడి "ఎక్కడ నిలబెడతారు?" అని మార్చాను. పందొమ్మిదేళ్ల తరువాత ఆ షాపు మానేసేదాకా అది మొదటి గడిగానే ఉంది.

జబ్బు ఆ మధ్యాహ్నపు ఎండకే తిరగబెట్టిందా, అంతకు ముందే లోపల మొదలైందా అని డాక్టరును ప్రసాద్ గారు అడిగారట. చెప్పలేమన్నారట. నా లెక్క అక్కడే తెగడం లేదు. నలభైకి నలభై సరిగ్గా జారినది నా కళ్లముందు జారింది, అబద్ధం కాదు. అక్కడ ఆగుతోందని వాళ్లిద్దరూ చెప్పినదీ అబద్ధం కాదు. రెండు నిజాలు నా ముందుంటే, నా కళ్లు చూసినదాన్నే ఎందుకు నమ్మానో ఇప్పటికీ తెలియదు.

అక్టోబరు కూడికకు సుగుణ తలకు స్కార్ఫ్ కట్టుకుని వచ్చింది. జుట్టు రాలిపోయింది. ప్లేట్లు అందిస్తూ నా దగ్గర ఆగి, "బాగున్నారా అండీ?" అని అడిగింది. ఎంతో మర్యాదగా అడిగింది.

పాత కార్డు వెనక నేను రాసుకున్నది ఇది. పోయినవి: స్లైడ్లు పదిహేను. ట్రాక్ రెండు ముక్కలు. ఆసుపత్రిలో పదకొండు రోజులు. ఒక వేసవి. నడుము దాకా జడ. అక్కా అన్న పిలుపు, చివరిసారి విన్నది జూలై 11.