పందిమాంసం ఎరుగని గిన్నె

సహూలి రవిటూటు కూర వండిన రోజు మా మెట్ల వీధిలో ఎవరూ కూర పొయ్యి మీద పెట్టరు. కర్రపెండలం ఆకు మెత్తగా దంచి, కొవ్వున్న పందిమాంసం వేసి పొద్దుటి నుంచీ ఉడికిస్తుంది. మధ్యాహ్నానికి ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకొచ్చి మెట్ల మీద వరసగా నిలబడతారు. ఆమె కొట్టు పక్కనే నా బియ్యప్పిండి పొంగణాల పొయ్యి. ఇన్నేళ్ళుగా ఆ వాసన పీలుస్తున్నా నాకింకా మొహం మొత్తలేదు.

సహూలి యాభై దాటిన మనిషి. నోరు పెద్దది, గరిటె అంతకన్నా పెద్దది. ఎవరైనా చిన్న గిన్నె తెస్తే, "ఏం, ఇంట్లో అందరూ అలిగి పడుకున్నారా?" అని అడిగి మరీ వడ్డిస్తుంది. దేనికీ జంకని ఆ మనిషి ఒక్క మాటకి మాత్రం మొహం తిప్పుకునేది. కొండ మీది పాత రాజుల ఊరు అంబుహిమంగకి పోదామంటే చాలు, నడుం నొప్పి వచ్చేసేది. బస్సెక్కితే మా తానా నగరం నుంచి గంట ప్రయాణం. అయినా పుట్టాక ఒక్కసారీ ఆ కొండ ఎక్కలేదు.

కారణం నాకొక్కదానికే చెప్పింది. వాళ్ళమ్మకి పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆవిడ ఆ కొండ మీది ఊట దగ్గరికి వెళ్ళి, బతికే బిడ్డనిస్తే ఆ బిడ్డని వెంటబెట్టుకొచ్చి తేనె పోస్తానని మొక్కుకుంది. సహూలి పుట్టింది, బతికింది. ఆ ఏడే తండ్రి పోతే తల్లి పొట్ట గడవడానికి ఈ కొట్టు పెట్టింది. ఆ కొండ మీదికి పందిమాంసం పోకూడదు. రోజూ పందిని కోసే చేతులతో ఎలా వెళ్ళనని వాయిదా వేస్తూ వేస్తూ ఆవిడ కన్నుమూసింది. కొట్టుతోపాటు మొక్కు కూడా కూతురికి వచ్చింది. ఈ సంగతి చెప్పేటప్పుడు సహూలి ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఈ ఏడు మా వీధి పెద్ద రజోనా పూనుకున్నాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి కదా, ప్రయాణమంటే ఇప్పటికీ హుషారే. మేనల్లుడి వ్యాను మాట్లాడి, ఆదివారం ప్రార్థన అవగానే అంబుహిమంగకి బయల్దేరదామని అందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి చెబుతున్నాడు. రాజుగారి ఇంట్లోకి కుడికాలు ముందు పెట్టాలి, వచ్చేటప్పుడు వెనక్కి నడుచుకుంటూ రావాలి, ఈ వారమంతా పంది ముట్టకూడదు. అందరం తలలూపుతున్నాం. అప్పుడు సహూలి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"నేనూ వస్తాను బాబాయ్. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మా అమ్మ మొక్కు పుట్టబోయే ఆ బిడ్డ నెత్తిన పడకూడదు. వంట కూడా నేనే చేస్తాను."

రజోనా టోపీ సర్దుకున్నాడు. "కోపగించుకోకు సహూలీ. వారం రోజులు నువ్వు మానుతావు సరే, నీ గిన్నె మానుతుందా? దాని ఒళ్ళంతా పంది కొవ్వే. అందులో వండింది పట్టుకెళితే కొండ మీదున్న పెద్దల ఆత్మలు ఊరుకోవు."

"అయితే మీ ఇంటి గిన్నె ఇవ్వండి."

రజోనా భార్య పెర్లీన్ అందుకుంది. "ఏ గిన్నె ఇమ్మంటావమ్మా? మా ఇంట్లో ఉన్నవన్నీ నీ కొట్టుకొచ్చి నిండినవే. శనివారం నీ కొవ్వు ముక్క పడకపోతే ఈయనకి నిద్దరే పట్టదు."

మెట్లన్నీ గొల్లుమన్నాయి. ఇక ఒక్కో ఇంటి గుట్టూ బయటపడింది. బట్టలు ఉతికే నుయెలీన్ గిన్నె నిన్ననే వచ్చి వెళ్ళింది. అందరి చూపూ నా వైపు తిరిగేసరికి సహూలి, "దాని పెనం అడక్కండి, రోజూ రాసేది నా కొవ్వే," అంది. అలా చూస్తే ఆ కొండ ఎక్కే అర్హత వీధి మొత్తంలో ఒక్కరికీ లేదు. రజోనా మొహం చూస్తే నాకు జాలేసింది.

"కొత్తది కొంటే పోలా," అంది పెర్లీన్.

సహూలి ఏదో గుర్తొచ్చినట్టు గబగబా లోపలికి వెళ్ళింది. బీరువా మీద సామాను జరిపిన చప్పుడైంది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పాత శాలువాతో చుట్టిన సత్తు గిన్నె ఉంది. చిన్నది, ఒక్క మసి మరక లేదు.

"చిన్నప్పుడు ఇందులో నీళ్ళు తాగానని అమ్మ నా వీపు వాయించింది. గిన్నెలు చాలక బకెట్లో కూర పోసుకుంది గానీ దీన్ని దించలేదు. నా పెళ్ళికీ దించలేదు. ఎంత పిసినారిదో అనుకున్నాను." గిన్నెని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. "కొండకి వెళ్ళాలనే పంది తగలకుండా దాచిందర్రా. పోయేదాకా వెళదామనే అనుకుంది."

ఆమె ఏడవడం అదే మొదటిసారి చూశాను. నాకూ ఏడుపొచ్చింది. రజోనా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ముందు సీటు నీది," అన్నాడు.

ఆ వారం సహూలి కొట్టు తెరవలేదు. రజోనా రోజూ వచ్చి మూసిన తలుపు చూసి వెళ్ళాడు.

ఆదివారం కొండ ఎక్కాం. ఊట దగ్గర సహూలి తేనె పోసి, పెదవులు కదుపుతూ చాలాసేపు కూర్చుంది. రాజుగారి నల్లచెక్క ఇంట్లోంచి వెనక్కి నడిచి వస్తూ రజోనా కాలు తొక్కింది. "ఇన్నేళ్ళూ నా కొట్టు ముందు నిలబడ్డారు, ఇక్కడ నా వెనకే తగలాలా బాబాయ్?" అంది. పాత గొంతు వచ్చేసింది.

కోట గుమ్మం బయట ఒకరి పొయ్యి అడిగి ఆ గిన్నెలో అన్నం వండింది. అంతమందికి తలా నాలుగు ముద్దలే వచ్చాయి. అన్నం అయ్యాక అడుగంటిన మాడులో నీళ్ళు పోసి మరిగించింది. ఆ నీళ్ళు తాగనిదే మాకు తిన్నట్టుండదు. మొదటి గ్లాసుకి రజోనా చెయ్యి చాచాడు.

సహూలి ఆ చెయ్యి పక్కకి నెట్టి, గ్లాసు మెల్లగా నేల మీద వంచింది.

"ముందు మా అమ్మకి," అంది. "గిన్నె ఆవిడది."