ఐదుసార్లు కడగమన్న పేపరు

మా మేడమ్ ఎవరని అడిగితే పెద్ద సైంటిస్టు అని చెప్తాను. ఆవిడ పక్కనుంటే మాత్రం, "ఊరుకో అక్కా, నువ్వొక్కదానివే అంటావు ఆ మాట" అంటుంది. ఇరవై ఆరేళ్ళు ఆవిడ ల్యాబులో సీసాలు కడిగాను. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఆవిడ పని గురించి నాకు తెలిసినంత ఆవిడ మొగుడికి తెలీదు. ఆయన బడిలో లెక్కల మాస్టారు, పాపం ఆ సంగతి ఆయనే ఒప్పుకుంటాడు.

ముందు ఆ పనేంటో చెప్పాలి. మన ఒళ్ళంతా కణాలే కదా, కంటికి ఆననంత చిన్నవి. వాటిని ఒంట్లోంచి తీసి గాజు సీసాల్లో పెంచుతారు. సీసాని పక్కకి పడుకోబెట్టి, ఎర్రటి నీళ్ళు కాసిని పోస్తారు. అదే వాటి తిండి. మన ఒంటికి ఉన్నంత వేడి ఉండే బీరువాలో పెడితే అవి గాజుకి అంటుకుని పెరుగుతాయి. రెండ్రోజులకోసారి తిండి మార్చాలి. ఆదివారమనీ, జ్వరమొచ్చిందనీ చెప్తే అవి వినవు. తన చెల్లెలి పెళ్ళిలో అందరూ ఫొటోకి నిలబడే టైముకి మేడమ్ ల్యాబులో ఉంది. "మీ అక్కకి సీసాల్లో సంతానం, ఆకలేస్తే ఏడుస్తారు" అని చుట్టాలు ఆ చెల్లెల్ని ఏడిపించారట.

ఒక కణం రెండయ్యేటప్పుడు నడుం దగ్గర నొక్కుకుపోయి విడిపోతుంది. ఆ నొక్కు సరిగ్గా మధ్యలోనే ఎందుకు పడుతుంది, పక్కకి ఎందుకు జరగదు, ఇదీ మేడమ్ అడిగిన ప్రశ్న. ఏడేళ్ళు దాని వెంటే పడింది. ఒకసారి నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించింది.

"ఎట్లా ఉందక్కా?"

"మూట నడుముకి తాడేసి బిగించినట్టుంది మేడమ్."

"ఆ తాడు ఎవరు బిగిస్తున్నారో తేలితే నేను హాయిగా పడుకుంటాను" అంది.

ఏడేళ్ళకి పేపరు రాసింది. పేపరంటే తను కనిపెట్టిన సంగతి అందరు సైంటిస్టులూ చదివే పుస్తకంలో వేయించడం. అది చదివి, దాని సాయంతో ఇంకొకళ్ళు ఏదైనా చేస్తే, వాళ్ళ పేపరు చివర్లో "ఫలానా ఆవిడ దగ్గర నేర్చుకున్నాం" అని రాస్తారు. దాన్నే సైటేషన్ అంటారు. అవెన్నొస్తే అంత గొప్ప. ప్రొఫెసర్ని చేసేటప్పుడు ముందు ఆ లెక్కే చూస్తారు. మేడమ్ ఏడేళ్ళ పేపరుకి వచ్చినవి పదకొండు. అందులో నాలుగు తనవే, తర్వాత రాసిన వాటిలో తనే పెట్టుకుంది. "నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నానక్కా" అని నవ్వేది. నవ్వేదే గానీ మొహం వాడిపోయేది.

ఇంతలో మా చిన్నదానికి పొంగు పోసి నేను పదిరోజులు సెలవు పెట్టాను. నా బదులు ఆఫీసు వాళ్ళు తోటమాలిని పంపారు. ఆయన మంచివాడే గానీ, సీసాల్ని పూలకుండీల్లాగా కడిగాడు. తిరిగొచ్చేసరికి మేడమ్ కుర్చీలో నీరసంగా కూర్చునుంది. కణాలన్నీ గాజు వదిలేసి ఊడి, గుండ్రంగా తేలుతున్నాయి. చచ్చిపోయాయి.

"అక్కా, నువ్వు సబ్బు పెట్టాక ఎన్నిసార్లు జాడిస్తావు?"

"ఐదుసార్లు మేడమ్. ఆరోసారి డిస్టిల్ వాటర్‌తో."

తోటమాలిని పిలిచి అడిగితే, "మూడుసార్లమ్మా, చేతులు పీక్కుపోతున్నాయి, మా ఇంట్లో గిన్నెలకి రెండే" అన్నాడు.

అంటే గాజుకి అంటుకున్న సబ్బే వాటిని చంపుతోంది. మేడమ్ అనుకుంటే సరిపోదు, చేసి చూడాలి. నలభై సీసాలు నా ముందు పెట్టి, "ఈ సగం ఆయన చేసినట్టు మూడుసార్లు కడుగు, ఈ సగం నువ్వెప్పుడూ చేసినట్టు ఐదుసార్లు కడుగు" అంది. అట్లాగే చేశాను. మూడుసార్లవి చచ్చాయి, ఐదుసార్లవి బతికాయి. రెండు పేజీల పేపరు రాసింది. సబ్బు పెట్టిన గాజుని ఐదుసార్లు జాడించండి, అంతే సంగతి.

చిత్రమేమిటంటే ఆ రెండు పేజీలూ ఎక్కడెక్కడికో పోయాయి. కణాలు పెంచే ప్రతివాళ్ళకీ సీసాలు కడిగే బాధ ఉంటుంది కదా. ఏడాదిలో ముప్పై సైటేషన్లు, నాలుగేళ్ళకి వంద, పదేళ్ళకి మూడొందలు దాటింది. వరండాలో ఎదురుపడితే మా డైరెక్టరు, ఆయన్ని పెద్దసారు అంటాం, "ఏమ్మా సబ్బు సైంటిస్టూ, ఇవాళెన్ని?" అనేవాడు. మేడమ్ నవ్వి ఊరుకునేది. ఇంటికెళ్ళి మొగుడి దగ్గర అనేదట, "ఏడేళ్ళు కళ్ళు పోగొట్టుకున్న దాన్ని ఎవరూ అడగరు, సబ్బు నురగ మాత్రం నెత్తిన పెట్టుకుంటారు" అని. "లెక్కలో అంకెలకి రోషం ఉండదు, వచ్చినవి తీసుకో" అనేవాడట మాస్టారు.

రెండుసార్లు ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి వెళ్ళింది, రెండుసార్లూ లెక్క చాలలేదన్నారు. మూడోసారికి చాలుతుంది. ఆవిడకి యాభై రెండు. ఇదే ఆఖరి అవకాశం, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. ప్రొఫెసర్ కాకపోతే మా పెద్ద గది కొత్తగా వచ్చిన వాళ్ళకిచ్చి, మేడమ్‌ని మెట్ల పక్క గదికి పంపుతామని పెద్దసారు ముందే చెప్పేశాడు. ఆ గదిలో బీరువా పెడితే మనిషి పట్టదు.

ఇంటర్వ్యూ మూడు నెలలుందనగా మా డిస్టిల్ వాటర్ తీసే యంత్రం పాడైంది. నీళ్ళు కాచి, ఆవిరిని చల్లార్చి పట్టే గాజు యంత్రం అది. బాగుచెయ్యడం కుదరదని పీకేసి, డబ్బాల్లో కొన్న నీళ్ళు తెప్పించడం మొదలెట్టారు. రెండు వారాలకి మా కణాలు ఊడిపోవడం మొదలైంది. డబ్బా నీళ్ళు మంచివి కావనుకుని మేడమ్ కంపెనీ మార్చింది. అయినా అంతే.

సరిగ్గా అప్పుడే ఉత్తరం వచ్చింది. ఎక్కడో దూరంగా చదువుకునే అమ్మాయి రాసింది. "మీ పేపరు చూసి ఐదుసార్లు కడుగుతున్నాను. ఏడుసార్లు కూడా కడిగాను. ఎనిమిది నెలలుగా నా కణాలు బతకడం లేదు. మా సారు నాకు పని చేతకాదంటున్నారు. నేను ఏం తప్పు చేస్తున్నానో దయచేసి చెప్పండి." మేడమ్ నాకు చదివి వినిపించి, కాగితం బల్ల మీద పెట్టి, "అక్కా, మనం రాయనిది ఏదో ఉంది. నువ్వు చేసేదంతా మొదట్నించీ చేసి చూపించు" అంది.

సింకు దగ్గర నిలబడ్డాను. సబ్బు పెట్టాను. జాడిద్దామని అలవాటుగా చెయ్యి కుడిపక్కకి చాపాను. అక్కడేం లేదు, గోడకి చిల్లు తప్ప. అప్పుడు నాకు తట్టింది.

పాత యంత్రంలో ఆవిరిని చల్లార్చడానికి చుట్టూ కుళాయి నీళ్ళు తిరుగుతుండేవి. తిరిగి తిరిగి వేడెక్కి, రబ్బరు గొట్టంలోంచి నా సింకులో పడేవి. ఎట్లాగూ పారేసే నీళ్ళే. కుళాయి నీళ్ళు ఎముకలు కొరికేవి, నా వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది. అందుకని మొదట్నించీ ఆ గొట్టం కిందే జాడించేదాన్ని. యంత్రం పీకేశాక నేనూ కుళాయి కిందే కడుగుతున్నాను. తోటమాలికి ఆ గొట్టం సంగతి తెలీదు, అప్పట్లో కుళాయి కింద కడిగాడు. మేడమ్ "ఆయన చేసినట్టు, నువ్వు చేసినట్టు" అంది కదా, నేను మాట జవదాటకుండా ఆయనవి కుళాయి కింద, నావి గొట్టం కింద కడిగాను. వేడినీళ్ళని చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు. వేళ్ళకి హాయిగా ఉందని చేసింది కూడా సైన్సేనా?

చెప్పాను. భయపడుతూనే చెప్పాను. ఉద్యోగం పోతుందని కాదు. ఆ మూడొందల సైటేషన్లూ నా చేతులమీదుగా పోతాయని.

మేడమ్ వంగి గోడకున్న చిల్లు చూసింది. తర్వాత, "నిన్ను అడగలేదు నేను. ఎన్నిసార్లు అనే అడిగాను గానీ ఎట్లా అని అడగలేదు" అంది. కెటిల్ తెచ్చి నీళ్ళు కాచింది. ఈసారి నాలుగు రకాలు కడిగించింది. చన్నీళ్ళతో మూడుసార్లు, ఐదుసార్లు. వేడినీళ్ళతో మూడుసార్లు, ఐదుసార్లు. తను పక్కనే స్టూలేసుకుని చూసింది. చన్నీళ్ళతో ఐదుసార్లవి చచ్చాయి. వేడినీళ్ళతో మూడుసార్లవి నిక్షేపంగా బతికాయి. లెక్క ముఖ్యం కాదు, వేడి ముఖ్యం. మేడమ్ నాలుగు వారాల్లో మూడుసార్లు చేసింది, మూడుసార్లూ అంతే.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెప్పింది. నేను తలుపు దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడ్డాను.

"తప్పని రాయి, కాదన్నానా? ఇంటర్వ్యూ అయ్యాక రాయి. నెలే కదా."

"ఈ నెలంతా కూడా ఆ పిల్ల చన్నీళ్ళతో కడుగుతుంది సార్."

"ఆ ఒక్క పిల్లకి విడిగా ఉత్తరం రాయవచ్చు కదమ్మా!"

"రాశాను. ఉత్తరం రాయని వాళ్ళెంతమంది ఉన్నారో నాకు తెలీదు."

"గది పోతుంది. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకు."

"ఏడిస్తే సింకు దగ్గర ఏడుస్తాను సార్, నీళ్ళు కలిసొస్తాయి" అంది మేడమ్. ఆయనకి కూడా నవ్వొచ్చింది.

దిద్దుబాటు రాసి మర్నాడే పంపించేసింది. అందులో నా పేరు తన పేరు పక్కన పెట్టింది. వేడినీళ్ళు కనిపెట్టింది ఈవిడే అని. పేపర్లో పేరుండాలంటే ఫలానా చదువుండాలి కదా అని ఆఫీసు గుమాస్తా అడ్డం పడితే, "ఆ రూలు కాగితం చూపించండి" అంది. అట్లాంటి కాగితమేం లేదట.

ఇంటర్వ్యూలో తనే ముందుగా చెప్పింది. ఆ పేపరు కొట్టేసి లెక్క వేశారు. చాల్లేదు. ప్రొఫెసర్ కాలేదు. గది ఖాళీ చేసేటప్పుడు తోటమాలి కూడా వచ్చి బీరువా మోశాడు. "అప్పుడే మీరు నాకు వేడినీళ్ళు చూపించుంటే ఇంత గొడవ లేదు" అన్నాడు నాతో. "నువ్వు వేళ్ళు పగిలేదాకా ఉండుంటే నీకే తెలిసేది" అన్నాను. మెట్ల పక్క గదిలో ఎనిమిదేళ్ళు పనిచేశాం. ఒకళ్ళు కూర్చుంటే ఒకళ్ళు నిలబడాలి. మూట నడుముకి తాడు ఎవరు బిగిస్తారో సగమే తేలింది. ఆ సగం కూడా పేపరైంది. ఇప్పటికి ఇరవైమంది పేరు చెప్పుకున్నారు, ఈసారి తనది ఒక్కటీ లేదు.

ఉత్తరం రాసిన పిల్ల మళ్ళీ రాసింది, కణాలు అంటుకున్నాయని, వాళ్ళ సారు ఇప్పుడేమీ అనడం లేదని. ఆ కాగితం మేడమ్ బీరువా తలుపుకి అంటించింది.

ఇదిక్కడితో అయిపోతుందనుకున్నాం, అవలేదు. దిద్దుబాటు చూడకుండా ఇంకా చాలామంది పాత పేపరే చూసి రాసేస్తున్నారు. మూడొందలు కాస్తా ఐదొందలైంది. ఒకప్పుడు ఒకటి పెరిగితే మేడమ్ మొహం వెలిగేది. ఇప్పుడు ఒకటి పెరిగితే, "అయ్యో, ఇంకొకళ్ళు" అంటుంది. రిటైరై నాలుగేళ్ళయినా శనివారం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని కొత్తగా ఎవరు రాశారో చూసి, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా ఉత్తరం పెడుతుంది. వేడినీళ్ళు, వేడినీళ్ళు, వేడినీళ్ళు. నేనూ రిటైరయ్యాను, పక్క వీధే కాబట్టి వెళ్ళి కూర్చుంటాను. మాస్టారు మా ఇద్దరికీ టీ పెడతాడు.

పోయిన శనివారం ఒకళ్ళ దగ్గర్నించి జవాబొచ్చింది. మేడమ్ చదివి కళ్ళజోడు తీసింది.

"ఏమంటున్నారు మేడమ్?"

"వాళ్ళసలు గాజే వాడరట. ప్లాస్టిక్ సీసాలట, ఒకసారి వాడి పారేస్తారట. అందరూ రాస్తున్నారు కదా అని మన పేపరు కూడా రాసేశారట."

"అయితే కడగనే కడగరా?"

"కడగరు."

"మరింకేం, వాళ్ళకి బెంగ లేదు" అన్నాను.

మేడమ్ కాగితం మీద వాళ్ళ పేరు కొట్టేసి, కింది పేరు చూసింది. "ఈయన గాజే వాడుతున్నాడక్కా" అని మళ్ళీ మొదలెట్టింది.