అడిగేవాళ్ల కోసం ఒక బల్ల

ఆ పిల్ల లైబ్రేరియన్‌తో గొడవపడి గెలిచిన రోజు, మేనత్త క్యారేజీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. పొద్దున్నే తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా పరుగెత్తి, అన్నం ఇంట్లోనే మరచిపోయిన మేనకోడలికి నాలుగు చీవాట్లు పెడదామని బయల్దేరిన మనిషి ఆవిడ. లోపల సంగతి చూసి ఆ చీవాట్లు అప్పటికి దాచుకుంది.

"ట్రైనింగుకొచ్చిన పిల్లలంతా ఇదే చేశారమ్మా. పుస్తకం వీపు మీద నంబరు చీటీ అంటించడం, లోపల ముద్ర గుద్దడం. నీకొక్కదానికే నామోషీ వచ్చిందా?" అంటున్నాడు లైబ్రేరియన్.

"అంటించడం మొదటి రోజే వచ్చేసింది సార్. కాలేజీవాళ్లు నన్ను పని నేర్చుకోమని పంపారు. వచ్చినవాళ్లకి కావలసింది వెతికిచ్చే పని పెట్టండి."

"నిన్ను చూసి ఎవరడుగుతారు? ఇంకా పాలబుగ్గలు."

ఇంతలో ఒక గొడుగు ముసలాయన వచ్చి తోటపని పుస్తకాలెక్కడని అడిగాడు. "మూడో బీరువా" అన్నాడు లైబ్రేరియన్, తల కూడా ఎత్తకుండా. ఆయన అటు తిరగబోతుంటే పిల్ల అడ్డుతగిలింది.

"ఏం మొక్కలు వేశారు తాతగారూ?"

"మొక్కలా, నా బొందా! పక్కింటివాడి చెట్టుకొమ్మ మా గోడ దాటొచ్చి, ఆకులన్నీ మా నీళ్లతొట్టిలో రాలుస్తోంది."

"అయితే కొమ్మ ఎలా కొట్టాలో తెలియాలా, అసలు కొట్టొచ్చో లేదో తెలియాలా?"

ముసలాయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "కొట్టొచ్చో లేదోనమ్మా. వాడసలే కోర్టులంటే చెవికోసుకునే రకం."

పిల్ల తోటల బీరువా వైపే పోలేదు. ఇరుగుపొరుగు తగాదాల గురించి మామూలు మాటల్లో రాసిన చిన్న చట్టం పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన అప్పుడే కేసు గెలిచినవాడిలా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

లైబ్రేరియన్ ముక్కు రుద్దుకున్నాడు. "సరే. హాలు మధ్యలో బల్ల వేసుకో, నా గదిలోంచి కనబడాలి. నెలాఖరు దాకా చూస్తాను. ఎవరూ రాకపోతే బల్ల తీసేసి, మిగతా ట్రైనింగంతా చీటీలే. మీ కాలేజీకి కూడా అలాగే రాస్తాను."

మేనత్తకి గుండె పొంగింది కానీ మొహాన కనబడనిస్తుందా? "ముందు తిండి తిను, తర్వాత వాదిద్దువు గాని" అని క్యారేజీ చేతికిచ్చి వచ్చేసింది.

ఈ పిల్ల ఆవిడ తమ్ముడి కూతురు. తమ్ముడు బస్సు డ్రైవరు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ దీనికి ప్రతిదానికీ ఎందుకు అనడమే. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ చల్లారకముందే చెప్పులు వెతుక్కునేవాళ్లు. అందుకే ఇంట్లో పేరు ఎందుకమ్మ. ప్లీడరవుతుందని తండ్రి మురిసిపోతుంటే అది పోయి లైబ్రరీ చదువులో చేరింది. పుస్తకాలు సర్దడానికి కూడా పైచదువా అని అందరికన్నా గట్టిగా వెక్కిరించింది మేనత్తే. ట్రైనింగు ఆవిడ పక్కవీధి లైబ్రరీలో పడేసరికి, మకాం కూడా ఆవిడ ఇంట్లోనే పడింది.

మేనత్త రెండో తరగతితో బడి మానేసిన మనిషి. ఆ మాట ఎవరిచేతా అనిపించుకోలేదు. పొద్దున్నే అరుగు మీద పేపరు విప్పుకుని కూర్చుంటుంది. ఎవరైనా విశేషాలేమిటంటే, "ఏముంది, అన్నీ అబద్ధాలే" అని మడిచేస్తుంది.

బల్ల పడింది కానీ దాని దగ్గర ఆగినవాళ్లు లేరు. వచ్చినవాళ్లు బల్ల దాకా వచ్చి, గోడగడియారం చూడటానికే వచ్చినట్టు అటుగా వెళ్లిపోయేవాళ్లు. కొందరు గేటు దగ్గర వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి తమకి కావలసింది గుసగుసగా అడిగేవాళ్లు. నెలాఖరు దగ్గరపడుతోంది. లైబ్రేరియన్ అప్పుడే చీటీల కట్ట తెచ్చి బల్ల మూలన పెట్టాడు. ఇంట్లో ఎందుకమ్మ ఎందుకు అనడం మానేసింది. మేనత్తకి భయం వేసింది అప్పుడే.

"ఏమే, మొహం అలా వేలాడేశావు?" అంది అన్నం వడ్డిస్తూ.

"ఎవరూ అడగట్లేదత్తా. సార్ అప్పుడే చీటీల కట్ట కూడా తెచ్చి పెట్టేశారు. నాకు చేతకాదనుకుంటున్నారేమో."

"నీ మొహం. నలుగురి మధ్య నిలబడి, నాకిది తెలీదు అని ఎవరు నోరు విప్పుతారే? ఆ హాల్లో చుట్టూ కూర్చుని పేపరు చదివే పెద్దమనుషుల చెవులన్నీ నీ బల్ల మీదే ఉంటాయి. ప్రాణం పోయినా అడగరు."

"బల్ల పక్కకి జరపనివ్వండని అడిగాను. ఒప్పుకోలేదు."

"అయితే మొదట ఎవరో ఒకరు అడగాలి. ఒకరు సిగ్గు విడిచారంటే వెనకాల పదిమంది వరస కడతారు. ఆ మొదటి మనిషికి జంకూగొంకూ ఉండకూడదు. గొంతు ఉండాలి."

అనేసి చూస్తే, మేనకోడలు ముద్ద చేతిలోనే ఉంచుకుని తనవైపే చూస్తోంది.

"అలా చూడకు. నేను రాను."

"రా అత్తా. నీ అంత గొంతు ఈ చుట్టుపక్కల ఎవరికుంది?"

"ములగచెట్టెక్కించకు." పిల్ల పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసింది. చీటీల కట్ట గుర్తొచ్చినట్టుంది. "సరేలే. వచ్చి ఏదో ఒకటి అడిగేస్తాను. నాటకమేగా."

"నాటకం వద్దు. వాళ్లు ఇట్టే పట్టేస్తారు." పిల్ల ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "నీకు నిజంగా తెలియనిది అడుగు అత్తా. ఎన్నాళ్ల నుంచో తెలుసుకోవాలని ఉన్నా, చిన్నతనమనిపించి ఎవరినీ అడగనిది ఏదో ఒకటి ఉంటుంది కదా. అది అడుగు. పేపరు చదివేవాళ్లందరికీ వినబడేలా అడుగు."

మేనత్త పొద్దున మడిచేసిన పేపరు తీసి చంకలో పెట్టుకుని, "రేపు ఎన్నింటికి తీస్తారే మీ లైబ్రరీ?" అంది.