సున్నం కనకన్న తారు కిటికీలు

పొద్దున లేచి తలుపు తీసినప్పుడు నేను ఇప్పటికీ కాలు ఎత్తి దాటుతున్న. అక్కడ దాటనీకి ఏం లేదు. పదిహేను ఏండ్లు ఆ గడప ముందర మా ఆయన సున్నం బకెట్ ఉండేది. నేను లేవకముందే సున్నం నానబోసేటోడు, అది కుతకుతమన్న చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఇప్పుడు బకెట్ లేదు, ఆయన లేడు. నా కాలుకు మాత్రం ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలే.

మా ఆయన పేరు కనకరాజు. చాందాల, అందులో మా లాల్‌పేట్‌ల, ఆ పేరుతోటి పిలిచినోళ్ళు లేరు. సున్నం కనకన్న అంటేనే తెలుస్తది. ఆయనకు ఒక్కటే పిచ్చి: గోడ కనబడితే సున్నం వెయ్యాలె. మనదా, మందిదా, సర్కారుదా అని లేదు. బొగ్గు గనిల డ్యూటీ చేసి, నల్లగ పైకొచ్చి, నెత్తిన నాలుగు చెంబులు పోసుకొని, తెల్ల బకెట్ పట్టుకొని బయటపడేటోడు. "దినమంత నలుపు తవ్వుతడు, పొద్దుగూకితే తెలుపు పూస్తడు, ఈయనను ఏ వైద్యునికి చూపెడుతవే?" అని మా పక్కింటి దుర్గమ్మ నవ్వేది. దుర్గమ్మ మంత్రసాని, మా వాడల సగం మందిని భూమ్మీదికి తెచ్చింది ఆమెనే. ఆమె నవ్వితే నేను నవ్వేదాన్ని. ఆయన కూడ నవ్వేటోడు, కుంచె ఆపకుండ.

మా బర్రె కొమ్ములకు సున్నం. బాయి గట్టుకు సున్నం. ఒకసారి నేను ఆరబెట్టిన నల్లచీర గోడ మీద ఉంటే, అది గోడల కలిసిందనుకొని దానికీ ఒక చెయ్యి వేసిండు.

"కండ్లు కనబడ్తలేవా?" అన్న.

"చీర తీసెయ్యరాదు? గోడకు గాలాడ్తలేదు" అన్నడు.

విసాపూర్‌ల మా పెద్దమ్మ మనుమరాలి పెండ్లి. ముహూర్తం ఇంక గడియ ఉందనంగ మనిషి కనబడలే. పందిరి ఎనకకు పోయి చూస్తే, కొత్త ధోతి మోకాళ్ళ మీదికి కట్టి, పెండ్లిపీటల ఎనక గోడకు సున్నం వేస్తున్నడు. బకెట్ ఎక్కడిదో, కుంచె ఎక్కడిదో. గోడ ఆరకముందే పెండ్లికొడుకు వచ్చి ఒరిగి కూసున్నడు. తాళి కట్టనీకి లేచి నిలబడితే వీపు మొత్తం తెల్లగ. పిల్లగాని మేనమామ ఎగిరిండు.

"నీకు ఎవడు చెప్పిండయ్యా సున్నం వెయ్యమని?"

"గోడనే చెప్పింది" అన్నడు మా ఆయన, చేతులు ధోతికి తుడుచుకుంట.

అది ఆయన జవాబు. గని మేనేజర్ బంగ్లా ముందర గోడ పాన్ ఉమ్ములతోటి ఎర్రగుంటే దానికీ వేసిండు. జవాను పట్టుకపోయి సాబ్ ముందర నిలబెట్టిండు. "కిస్‌నే బోలా?" అంటే "దీవార్‌నే, సాబ్" అన్నడట. సాబ్ స్టోర్ కెల్లి ఒక బస్తా సున్నం ఇప్పిచ్చిండు. ఆ బస్తా చూసి నేను ఏడ్చిన. ఎందుకంటే ఊరందరి గోడలు మెరుస్తయి గాని, మా ఎనక గోడ పెచ్చులు లేచి, బల్లులు కాపురం పెట్టి ఉండె.

"మన గోడ ఎప్పుడు?" అని అడిగితే, "అది మనదే కద, ఎటు పోతది?" అనేటోడు.

ఇట్ల నవ్వుకుంట ఉన్న రోజులల్లనే రాష్ట్రాలను ముక్కలు చేసి మళ్ళ కుట్టిండ్రు. మా చాందా నాగపూర్ దిక్కు ఉండె, బొంబాయిల కలిసింది. నా తల్లిగారి ఊరు కోర్పనా పక్కన, నిజాం దిక్కు ఉండె, అది కూడ బొంబాయి దిక్కే వచ్చింది. మేం మంచంల కెల్లి కాలు కింద పెట్టలే, దేశమే మా కిందికెల్లి జరిగింది. మా ఎదురింటి సారక్క ఊరు మాత్రం ఆసిఫాబాద్ దగ్గర, అది ఆంధ్రల ఉండిపోయింది. సారక్క పెనిమిటి ఇస్తారి గనిల బొగ్గు డబ్బాలు తోసేటోడు, మా ఆయన షిఫ్టే. ఓట్లు వచ్చేనాటికి ఆమె బిడ్డ నిండు నెలలతోటి పురిటికి వచ్చి ఉండె.

నాలుగు నెలలకే ఆ ఓట్లు వచ్చినయి. ఓట్లకు అనంతరావు వచ్చిండు.

ఈ అనంతరావు కట్టెల డిపో వాళ్ళ కొడుకు. ఇంట్ల తెలుగు, మైకుల మరాఠీ. వాళ్ళ తాత కరీంనగర్ దిక్కు కెల్లి ఎడ్లబండి మీద వచ్చినోడే. ఈయన నాగపూర్‌ల చదివి, ఎక్కడిదో విదేశపు బొమ్మల పుస్తకం తెచ్చిండు. అందుల జెండాలు, వరుసలు కట్టిన సిపాయిలు, చెయ్యి ముందుకు చాపి పెట్టే సలాం. ఇవన్ని ఆయనకు మస్తు నచ్చినయి. నలభై మందికి చేతులకు నల్లపట్టీలు కట్టిచ్చిండు. జెండా చూస్తే ఎర్రగుడ్డ మీద తెల్ల గుండ్రం, అందుల నల్లగ ఒరిగిన స్వస్తిక్. ఓట్ల పెట్టె మీద ఆయన గుర్తు వేరే, అయినా జీపు మీద, గోడల మీద ఇదే. "బయటోళ్ళు బయటికి!" అని మైకు. ఎవరు బయటోళ్ళు అంటే, ఆయన తాత తర్వాత వచ్చినోళ్ళందరు.

ఒకనాడు పొద్దున చూస్తే మా వాడల పదకొండు ఇండ్ల గోడల మీద, తలుపు పక్కన, తారుతోటి ఆ గుర్తు వేసి ఉంది. మాకు లేదు, దుర్గమ్మకు లేదు. సారక్కకు ఉంది.

ఇప్పుడు నేను రాసేది సిగ్గు విడిచి రాస్తున్న. నాకు కుళ్ళు పుట్టింది. స్వస్తిక్ అంటే మాకు గడపకు వేసుకునే శుభం. ఆమె బిడ్డకు పురుడు దగ్గరపడ్డది, దేవుని గుర్తు వాళ్ళింటికే వచ్చింది, మాకెందుకు రాలే అనుకున్న. దుర్గమ్మ అయితే, "మా ఇల్లు మురికిదా ఏంది?" అని నల్లపట్టీల వానిని పట్టుకొనే అడిగింది. వాడు ఇకిలించి పోయిండు. నేను పసుపు తెచ్చిన, కుంకుమ తెచ్చిన, సారక్క గోడ మీద తారు గుర్తుకు నాలుగు మూలల బొట్లు పెట్టిన. సారక్క దండం పెట్టింది. ముగ్గురం మొక్కినం.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చి చూసిండు. పదిహేను ఏండ్ల కాపురంల నా మీద గొంతు లేపింది ఆ ఒక్కనాడే.

"ఎవరే దీనికి బొట్టు పెట్టింది?"

"నేనే. స్వస్తిక్ కద?"

"మనది నిలబడి ఉంటది. ఇది ఒరిగి ఉంది, చూడు. నేను దీన్ని చూసిన."

యుద్ధం రోజులల్ల ఆయన మిలిటరీ కూలీల కంపెనీల ఇటలీ దేశం పోయిండని నాకు తెలుసు. అక్కడ ఏం చేసినవంటే, సున్నం వేసిన అనేటోడు. నేను అంతకంటే అడగలే, ఆయన చెప్పలే. ఆనాడు సారక్క అరుగు మీద కూసొని చెప్పిండు.

"ఒక ఊర్ల కొన్ని ఇండ్లకు ఈ గుర్తు ఉండె. దానికి సున్నం వెయ్యమని మమ్ముల తోలిండ్రు. లోపలికి పోతే పొయ్యి మీద గిన్నె అట్లనే ఉంది, పిల్లల చెప్పులు అట్లనే ఉన్నయి. మనుషులు లేరు. ఈ జెండాలోళ్ళు పట్టుకపోయిండ్రట. ఎటు అంటే ఎవ్వరు చెప్పలే. మేం సున్నం వేసి వచ్చినం."

నేను నా కొంగుతోటి ఆ బొట్లు తుడిచిన. తుడిచినకొద్ది గోడకు పసుపు పట్టింది. అప్పుడు నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలే.

అదే సాయంత్రం జీపు వచ్చింది. గుర్తు ఉన్న ఇండ్లోళ్ళు ఆదివారం లోపల ఖాళీ చెయ్యాలె, లేకుంటే ఆదివారం జులూస్ వచ్చి సామాను బయట పెడ్తదని మైకుల చెప్పిపోయిండ్రు. సారక్క గిన్నెలు మూట కట్టుడు మొదలుపెట్టింది. "పోతం తీయ్ చెల్లె. బిడ్డ దారిల కనకుంట ఉంటే చాలు" అన్నది. నిండు నెలల పిల్ల, గోదారి దిక్కు బండి మీద, మూడు రోజుల తొవ్వ.

మా ఆయన బకెట్ తెచ్చిండు. ఒక చెయ్యి వేసిండు, ఆరినంక గుర్తు బయటికొచ్చింది. రెండోది వేసిండు, మళ్ళ వచ్చింది. బెల్లం నీళ్ళు కలిపి మూడోది వేసిండు. తారు సున్నాన్ని తాగి, చాయ్ రంగుల నవ్వింది. శనివారం పొద్దున దాక పదకొండు గోడల మీద పోరాడిండు. చాందాల ఆయన ఓడిపోయిన గోడలు అవ్వే.

ఓడి, సారక్క గోడ ఎదురుంగ కూసొని, తల ఒకపక్కకు ఒంచి చూసిండు. నేను రొట్టె ఇస్తే తినకుండ చేతుల పట్టుకొని చూసిండు. చూసి చూసి లేచి, గని షెడ్డు దిక్కు పోయి, డబ్బాల తారు తెచ్చిండు.

దుర్గమ్మ నోరు తెరిచింది. "సున్నం కనకన్న చేతుల తారా? వాన వస్తది ఇయ్యాల!"

ఆయన ఆ గుర్తు కొక్కేల కొసల నుంచి నాలుగు గీతలు గీసి మూల మూల కలిపిండు. అంతే. గుర్తు పోయింది. నాలుగు గదుల కిటికీ అయ్యింది. గదులల్ల సున్నం నింపిండు. నల్ల చట్రం, తెల్ల అద్దాలు. కాకుంటే గుర్తు ఒరిగినదాయె, కిటికీ కూడ ఒరిగింది.

"ఇట్ల ఒరిగిన కిటికీ ఏడన్న ఉంటదా?" అన్న.

"గాలి జోరుగ వచ్చిందనుకో" అన్నడు.

పదకొండు అయినయి. అయినంక మా గోడ మీద గీసిండు. మాకు గుర్తే లేకపాయె! దుర్గమ్మకు అప్పుడు సమజైంది. నడుముకు కొంగు బిగించి, "నా ఇంటికి రెండు వెయ్యి, నాకు ఉక్కపోస్తది" అన్నది. భయపడ్డ ఇండ్లు కూడ ఉన్నయి, తలుపులు పెట్టుకున్నరు. దుర్గమ్మ ఒక్కొక్క తలుపు కొట్టి, "నీ పిల్లలకు పురుడు పోసిన, పైసలు అడిగిన్నా? గోడ అడుగుతున్న" అన్నది. శనివారం పొద్దుగూకే వరకు వాడ వాడంతా, అటు ముప్పై ఇండ్లు, ఇటు ముప్పై ఇండ్లు, భూకంపం వచ్చినట్టు ఒరిగిన కిటికీలు.

ఆదివారం జులూస్ వచ్చింది. డప్పులు, జెండాలు, జీపుల అనంతరావు నిలబడి. వాడ మొదట్ల డప్పు ఆగింది.

"ఏ ఇండ్లు?" అన్నడు అనంతరావు.

నల్లపట్టీలోళ్ళు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. గుర్తు పెట్టినోళ్ళే గుర్తు పట్టలేకపోయిండ్రు. ఒకడు దుర్గమ్మ ఇల్లు చూపెట్టిండు. ఆమె చాట చేతుల పట్టుకొని బయటికొచ్చింది.

"రా అనంతు! నీ బొడ్డు కోసింది ఈ చేతులే. కాళ్ళు ముందు పెట్టి వచ్చినవ్, నిన్ను తిప్పి తీయనీకి మీ అమ్మ నా జుట్టు పీకింది. నన్ను బయటికి పంపుతవా? పంపు!"

ఎనక ఉన్నోళ్ళల్ల ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు. అనంతరావు మొకం ఎర్రగైంది. మా ఆయనను చూసిండు.

"ఇవి గియ్యమని నీకు ఎవడు చెప్పిండు?"

"గోడలే చెప్పినయి."

అప్పుడే సైరన్ మోగింది. షిఫ్టు దిగిన రెండు వందల మంది, బొగ్గు మొకాలతోటి, మా వాడల మలిగిండ్రు. తెలుగోళ్ళు, మరాఠోళ్ళు, ఛత్తీస్‌గఢోళ్ళు, ఆ మసిల ఎవరు ఎవరో వాళ్ళ తల్లులు కూడ పోల్చలేరు. అరవలే, కొట్టలే. ఊకె వచ్చి నిలబడ్డరు. జీపు ఎనకకు మలగనీకి జాగ లేక, ఎనకకే నడుచుకుంట పోయింది.

సారక్క మూట విప్పింది. నాలుగు రోజులకు ఆమె బిడ్డ మా వాడలనే కన్నది, దుర్గమ్మ చేతుల మీద.

ఆనాడు నేను ఆయనను అడిగిన, ఇన్నేండ్లు ఊరందరికి సున్నం ఎందుకు వేసినవని. కుంచె కడుక్కుంట చెప్పిండు. "కొత్తగ వచ్చినోళ్ళ ఇల్లు ముందుగల మురికిగ ఉంటది. నడుమల వేరుగ కనబడ్తది. ఒక్కతీరుగ ఉంటే వేలు పెట్టి చూపనీకి రాదు." నేను లెక్కేసుకున్న. నిజమే. ఎవరు కొత్తగ దిగితే వాళ్ళ గోడకే మొదలు పోయేటోడు. పిచ్చోడు అని నేను కూడ అన్న. మా ఎనక గోడ మీద బల్లులకు అందుకే సుఖం: మేం పాతోళ్ళం.

అనంతరావు ఆ ఓట్లల్ల ఓడిండు. సిగ్గుపడ్డడని మాత్రం ఎవరూ చెప్పలే. మా ఆయన పోయి రెండు నెలలైంది, దగ్గుతోటి. ఐదేండ్లు తిరిగి మళ్ళ ఓట్లు వచ్చినయి. మొన్న అనంతరావు మా ఇంటికి వచ్చిండు. తెల్లటి బట్టలు, జోడించిన చేతులు. చేతికి పట్టీ లేదు. సారక్క నా దగ్గరనే కూసొని బియ్యంల రాళ్ళు ఏరుతున్నది. ఆమెను పోల్చలే ఆయన.

"వదినా, కనకన్న అసువంటి మనిషి ఇగ పుట్టడు" అన్నడు. "పాత సంగతులు ఎందుకు, అప్పుడు పోరగాండ్లు ఏదో గీసిండ్రు." కుర్చీల సర్దుకొని కూసున్నడు. "మీ ముందరి గోడ మంచిగుంది. మా పేరు రాసుకుంటం, ఒక్క మాట చెప్పు."

"గోడను అడుగు" అన్న.

నవ్విండు, నేను హాస్యమాడుతున్న అనుకొని. చావింటికి వచ్చినోనికి కూడ మా దిక్కు చాయ్ పోసి పంపుతరు, అది మర్యాద. ఆయనకు కూడ తెలుసు. వంటింటి దిక్కు చూసుకుంట కూసున్నడు. బొగ్గుల సిగిడీ రాజుకొని ఉంది, మీద నీళ్ళు మసులుతున్నయి. సారక్క నన్ను చూసింది. "లేస్తవా చెల్లె?" అన్నది మెల్లగ.

నేను చాటల ఇంకో పిడికెడు బియ్యం పోసుకున్న.