శనివారం పూట ప్రపంచం

మొన్న సాయంత్రం జడ్చర్ల బస్టాండులో మా ఊరి బస్సెక్కి కూర్చున్నానో లేదో, ఒకాయన నైలాన్ తాడుతో అడ్డం పొడుగు బిగించి కట్టిన పెట్టెను నెత్తి మీది నుంచి దించి నా కాళ్ల పక్కనే పెట్టాడు. అందులోంచి అత్తరు వాసన, కొత్త దుప్పటి వాసన, నాఫ్తలీన్ ఉండల వాసన కలిసి గుప్పుమన్నాయి. దుబాయో సౌదీయో, ఎక్కడి నుంచి వస్తున్నావని అడగాలని నోటిదాకా వచ్చింది కానీ అడగలేకపోయాను. కూర్చోనూ లేక, ఊరు ఇంకా రెండు మైళ్లుండగానే దిగేసి నడుచుకుంటూ పోయాను. మందుల కంపెనీలో పొద్దంతా నిలబడి పనిచేసిన కాళ్లకు ఆ నడక అక్కర్లేదు. నిలవనిది నా మనసు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను ఎనిమిదో తరగతి. మా సర్కారు బడికి సోషల్ చెప్పడానికి సరోజ టీచర్ వచ్చింది. వచ్చిన నెలలోనే పెద్దసారును ఒప్పించి, శనివారం చివరి రెండు పీరియడ్లు 'ప్రపంచం పాఠం' అని పెట్టింది. అందులో ఏం చెప్పాలన్నది పుస్తకం చూసి కాదు, ఊరిని అడిగి తేలుస్తానంది. ఒక శనివారం వరండాలో జంపఖానా పరిచి అందరినీ పిలిచింది. పల్లికాయ పీకే రోజులవి. చేతులకు మట్టితోనే ఆడవాళ్లు వచ్చారు, ఉడకబెట్టిన పల్లికాయ గిన్నెల్లో తెచ్చారు. గొర్ల కాడి నుంచి అట్లనే గొంగడి భుజాన వేసుకొని మా నాయిన వచ్చాడు. పిల్లలకు ఏం నేర్పాలో మాకేం తెలుసని ఒకరి మీదికొకరు తోసుకున్నారు. చివరికి మా వాడకట్టు భాగ్యమ్మ లేచింది.

"మా ఇంటాయన మస్కట్‌ల ఉన్నడు. నేను ఈడ బువ్వ తినెటాళ్లకు ఆయన తింటున్నడా, ఇంక నిద్రే లేస్తున్నడా? గది నేర్పు టీచరమ్మా. పిల్లలు నేర్సుకుంటె నాకు జెప్తరు."

రేఖాంశాలంటే ఏమిటో మాకు ఆ వారమే అర్థమైంది. అట్టముక్కలతో రెండు గడియారాలు చేసి, ఒకటి మా ఊరిది, ఒకటి మస్కట్‌ది, భాగ్యమ్మ ఇంటి గోడకు పక్కపక్కన కొట్టి వచ్చాం. ఆ తర్వాత శనివారాలు ఊరివే అయ్యాయి. బట్టలు కుట్టే ఖాజా చాచా మిషను మూసి వచ్చి బోర్డు మీద అరబ్బీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాస్తుంటే మేము తలలు అటు తిప్పి ఇటు తిప్పి చదివేవాళ్లం. వేరే దేశాల్లో వాన పడకపోతే గొర్లను ఏడికి తోలుకపోతరో కనుక్కోమని మా నాయిన అడిగితే, లైబ్రరీ అట్లాసులో ఎండిన నేలలన్నీ వెతికి పెన్సిలుతో గుర్తులు పెట్టాం. చిర్రగోనె ఆడే జాగాలో సున్నంతో దేశాలు గీసుకొని తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, గీత తొక్కితే వీసా లేదని అరిచేవాళ్లం. సీతాఫలాల కాలం వస్తే వరండా అంతా గింజలే, బతుకమ్మ దగ్గర పడితే తలా ఒక సత్తుపిండి ముద్ద. నాకైతే శుక్రవారం నుంచే ఒంట్లో తేళ్లు పాకినట్టుండేది, ఒక్కచోట కూర్చోలేకపోయేదాన్ని.

ఆ తేళ్లే కొంప ముంచాయి.

మా మల్లేశన్న ఇంటర్ తప్పి, గొర్ల వెంట పోనని మొండికేసి, ఒక ఏజెంటును పట్టుకొని సౌదీకి కాగితాలు చేయించుకున్నాడు. ఏసీ దుకాణంలో సామాను సర్దే పని అని ఏజెంటు చెప్పిన మాటనే ఊరంతా చెప్పుకున్నాడు. ఇంట్లో పరదేశం కాగితం ఏదున్నా తెమ్మని టీచర్ అంటే, నేను పెట్టెలోంచి అన్న కాగితం అడగకుండానే తీసి పుస్తకంలో పెట్టుకొని పోయాను. ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. ఖాజా చాచా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే, ఆగలేక నేను ఇంగ్లీషు పక్క వేలు పెట్టి చదివాను. పని అన్నచోట ఒకే మాట ఉంది. మా ఇంగ్లీషు రీడరులో వచ్చిన మాటే.

"షెపర్డ్! అంటే గొర్ల కాపరి. మనమే టీచర్!" అని ఎగిరి గంతేశాను.

ఖాజా చాచా నా వెనక్కి చూశాడు. తల తిప్పి చూస్తే వరండా స్తంభానికి ఆనుకొని అన్న నిలబడి ఉన్నాడు. వచ్చి నా చేతిలోంచి కాగితం తీసుకొని, మడత పెట్టి, ఎవరి మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. కొట్టినా బాగుండేది. నేను అన్నం ముందు కూర్చుంటే వాడు లేచేవాడు. ఊళ్లో కూడా మాట పుట్టింది. బడి అంటే పాఠాలు చెప్పాలి గాని ఇంట్ల కాగితాలు బజార్ల పెడతారా అని నలుగురు పెద్దసారు మీదికి పోయారు. ఆ శనివారం పాఠం ఉంచాలా తీసేయాలా అని అందరినీ కూర్చోబెట్టారు. టీచర్ తప్పు తనదేనని చెప్పింది, మొదలు ఇంట్లో అడిగి తెమ్మనాల్సిందని. భాగ్యమ్మ మాత్రం ఊరుకోలేదు. "గా పిల్ల సదవకపోతె, గా సంగతి మల్లేశుకు ఇమానం దిగినంక ఎర్కయ్యేది. గది మంచిగుండునా?" అంది.

మా నాయిన గొంగడి అంచు నలుపుతూ కూర్చున్నాడు. అప్పుడు అన్నే లేచాడు.

"నేను పోతున్న. గని ఎర్కయ్యి పోతున్న."

"గొర్లు గాసుడే అయితె ఈడ లెవ్వా బిడ్డా?" అన్నాడు నాయిన.

"ఈడ గాస్తె పిల్లనిస్తలేరు నాయినా. ఆడ గాస్తె ఇస్తరు."

పాఠం ఉండాలనే తేలింది. ఆపదొస్తే ఎవరికి ఫోన్ చేయాలో, పాస్‌పోర్టు నకలు ఎక్కడ దాచుకోవాలో వాడు పోయేముందు రెండు వారాలు టీచరు, ఖాజా చాచా వాడికి నేర్పారు. వెనక బెంచీలో పొడుగు కాళ్లు ముడుచుకొని కూర్చొని రాసుకున్నాడు.

వాడు పోయిన మూడో నెల నుంచి శనివారం పాఠం వేళకు టీచర్‌కు ఫోన్ చేసేవాడు. నీళ్ల ట్యాంకరు పైకెక్కితే తప్ప సిగ్నల్ ఉండదట. టేబుల్ మీద ఫోన్ పెట్టి అందరం చుట్టూ మూగేవాళ్లం. ఇసుక గాలి ఎట్లా లేస్తుందో, పక్కన కాపలా ఉండే సూడాన్ ఆయన రొట్టె ఎట్లా కాలుస్తాడో, రెండు నెలల నుంచి జీతం ఇవ్వలేదని, ఏదీ దాచకుండా చెప్పేవాడు. మా ఊరి నుంచి పోదామనుకున్న ఇద్దరు అవి విని ఆగిపోయారు, ఒకాయన విని కూడా పోయాడు. నేను మాత్రం వెనకే నిలబడేదాన్ని. ఒకరోజు ఫోన్‌లో గరగరల మధ్య వాడే అడిగాడు.

"మా చెల్లె లేదా? గంతులేస్తలేదా?"

అందరూ నన్ను ముందుకు తోశారు. ఏం అడగాలో తోచక, "అన్నా, ఆడ గొర్లు ఎట్లుంటయి?" అన్నాను.

"గొర్లు గొర్లేనే. అర్సినయంటె కండ్లు మూసుకొని మన దొడ్లున్నట్టే వింట," అన్నాడు. నాయిన లేచి బయటికి పోయాడు.

నా పది అయిన ఏడాది టీచర్‌కు బదిలీ అయింది. తర్వాత వచ్చిన సారు మంచివాడే, కానీ సిలబస్ అయిపోవాలి కదా అన్నాడు. రెండు శనివారాలు ఊరివాళ్లు వచ్చి గేటు దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయారు. మూడో వారం ఎవరూ రాలేదు. ఇప్పుడు బడిలో పిల్లలే తక్కువ, పొద్దున్నే ప్రైవేటు బడుల పసుపు వ్యాన్లు వచ్చి జడ్చర్లకు ఎత్తుకుపోతున్నాయి. ఖాజా చాచా లేడు. భాగ్యమ్మ మొగుడు వచ్చి మళ్లీ పోయాడు.

మల్లేశన్న ఐదేండ్లకు తిరిగి వచ్చాడు. పెండ్లి అయింది, ఒక పాప. ఇప్పుడు వాడే నాయిన మందను కాస్తున్నాడు. మొన్న ఆ రెండు మైళ్లు నడిచిపోతుంటే రోడ్డు పక్కన అన్న మందతో ఎదురయ్యాడు. వెనక బడి వ్యాను హారన్ కొడుతుంటే, గొర్లను పక్కకు తోలుతూ "యల్లా, యల్లా" అని సౌదీలో అలవాటైన అరబ్బీ మాటతో అదిలించాడు. గొర్లు ఆ మాట విని కదిలాయి. కిటికీల్లోంచి పిల్లలు తలలు బయటపెట్టి "యల్లా" అని వాడిని వెక్కిరించి నవ్వారు. వ్యాను దుమ్ము లేపుకుంటూ పోయింది. అది ఏ దేశం మాట మామా అని ఒక్కరు కూడా అడగలేదు.