ఇంగ్లండు వేషం కట్టిన తాండూరు బండి

మా ఇంటి పక్క షెడ్డు మెకానిక్ కాకా పోయారన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. పాఠం మధ్యలో ఆపి, సెలవు చీటీ రాసిచ్చి తాండూరు చేరేసరికి షెడ్డు ముందు జనం కూడారు. ఏడుపు వచ్చింది. అంతకన్నా ముందు ఒళ్లు మండింది. పాడె ఇంకా కట్టనేలేదు, ఆయన కొడుకు గోడ వారన నిలబడి ఫోనులో ఆయన అంబాసిడర్‌కు బేరమాడుతున్నాడు. ఛీ!

నేను డ్రైవింగు నేర్చుకున్నది ఆ బండి మీదే. కాకా స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేవారు. నేను గేరు కరకరలాడిస్తే మాత్రం, "బిడ్డా, అది పప్పు గుత్తి గాదు" అనేవారు.

పాత బండ్ల ముచ్చట ఎత్తితే ఆయనకు ఆకలి దప్పులుండవు. "గీ అంబాసిడర్ మన దేశంలనే తయారైంది గని, దాని నమూనా ఇంగ్లండుది. ఆడ చలి ఎక్కువ గదా, బండ్ల వేడిగాలి పెట్టె పెట్టేటోళ్లు. మనకెందుకది? తీసేసిండ్రు. మన గుంతల రోడ్లకు స్ప్రింగులు గట్టిగ చేసిండ్రు. అదే అమెరికాల అమ్మాలంటే స్టీరింగే ఎడమదిక్కుకు పోతది. ఏ దేశంల అమ్మితె ఆ దేశం లెక్క."

ఆయన చేసిన తప్పు కూడా ఆయనే చెప్పారు. వయసులో ఉన్నప్పుడు కొడంగల్ దిక్కు పటేలు ఒకాయన ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న కారు రిపేరుకు వచ్చిందట. తాండూరు ఎండల్లో వేడిగాలి ఎవడికి కావాలని, అడగకుండానే ఆ పెట్టె పీకి తుక్కులో వేశారు. పటేలు తిట్టకపోగా మెచ్చుకున్నారట. "గా బండి ఏడ పుట్టిందో చెప్పే గుర్తును నా చేతులతోనే పీకిన బిడ్డా. థూ, నా పనితనం పాడుగాను!" అని ఇన్నేళ్ల తర్వాత కూడా తన మీద తనే ఉమ్మేసినట్టు అన్నారు. ఆ తర్వాత ఏ బండి పుట్టుకనూ చెరపలేదు.

మంచం పట్టాక నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగారు. "నేను పోయినంక నా బండికి ఎవ్వడు వేషం కట్టకుండ చూడు. అది మనది. మనది లెక్కనే ఉండాలె." సరే కాకా, చూస్తానని మాటిచ్చాను.

పదకొండో రోజుకే షెడ్డు ఖాళీ. బండి ఏదని అడిగితే, "మంచోళ్లే తీసుకున్నరక్కా, ఫికర్ చేయకు" అన్నాడు కొడుకు. నమ్మాను. నా తెలివికి చెప్పు తీసుకుని కొట్టాలి.

పోయిన ఆదివారం తోటి టీచరు కూతురికి పెళ్లి ఫోటోలు తీస్తున్నారంటే వికారాబాద్ గుట్ట మీది రిసార్టుకు వెళ్లాను. అక్కడుంది మా కాకా బండి, లోపల నేను కరకరలాడించిన గేరు కర్రను చూసి పోల్చుకున్నాను. ఎత్తుగా ఉండే నడుము కోసి నేలకు దించారు. ముందు భాగం ఊడబీకి ఏదో విదేశీ మూతి అతికించారు. నంబరు ప్లేటు ఇంగ్లండుది. పక్కన బోర్డు: దీన్ని లండన్ నుంచి స్వయంగా తెచ్చుకున్నది ఒక తాండూరు మెకానిక్ అట! హైదరాబాద్ దాటని మనిషిని చచ్చాక అబద్ధాలకోరును చేశారు. బండి తలుపు పక్కన తెల్ల చేతితొడుగులు, టోపీ పెట్టుకుని, వచ్చిన వాళ్లందరికీ ఆ కథే చెబుతున్నది ఎవరో కాదు, ఆయన కొడుకు.

బానెట్ మీద చెయ్యి వేసి పెళ్లికొడుకుతో గట్టిగానే అన్నాను, "బాబూ, ఇది ఇంగ్లండుది కాదు, మన అంబాసిడర్."

"ఉండనీ మేడం, ఫోటోల ఎవ్వరికి తెలుస్తది?" అన్నాడు నవ్వుతూ.

"అక్కా, జర పక్కకు జరుగు. ఫోటోల పడుతున్నవ్" అన్నాడు కొడుకు.

కాకాకు మాటిచ్చిన దాన్నే, అయినా జరిగాను. తిరిగి చూస్తే, బానెట్ మీద పడ్డ నా వేలిముద్రలను వాడు తెల్ల తొడుగుతో శుభ్రంగా తుడిచేస్తున్నాడు.