మెక్సికో తాలు

"పచ్చడిలో కారం తగ్గిందే."

"కారం తగ్గలేదు, నీ నాలుక మొద్దుబారింది. తిని లెగువయ్యా."

నేనూ మా ఆయన దేవదానమూ ఈ లోకంలో అనుకున్న ఆఖరి మాటలివి. ఆయన తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కాడు, మళ్ళీ లేవలేదు. "ఆఖరున ఏమన్నాడమ్మా" అని పాస్టరు గారు అడిగితే పచ్చడి సంగతి చెప్పలేక, "సమాధానంగా వెళ్ళాడండీ" అన్నాను. అది పూర్తి అబద్ధమేమీ కాదు. నా వంటకు ఒక వంక పెట్టాక ఆ మనిషికి ఎప్పుడూ సమాధానంగానే ఉండేది.

ఆయన ఉన్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో, టీ బంకుల దగ్గర, లారీకి లోడెత్తేచోట నా గురించి ఒక కథ చెప్పి నవ్వించేవాడు. ఇప్పుడు చెప్పేవాడు లేడు కాబట్టి నా పరువు నేనే తీసుకోవాలి. ఆ కథలో నేను ఒక షావుకారు కడుపు తగలబెట్టాను, సముద్రాలు దాటి వచ్చిన ఆడమనిషిని ఏడిపించాను, ముప్పై మంది కూలీల వానాకాలపు అన్నం గంగలో కలిపినంత పని చేశాను. ఇదంతా ఒక్క పూటలోనే. ఆయనైతే చెప్పేటప్పుడు కొంచెం కల్పించేవాడు. నాకా అవసరం లేదు, జరిగిందే చాలు. నాకు సంతకం తప్ప మరో అక్షరం రాదు కనుక మా చెల్లెలి కూతురు స్నేహ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే ఈ ఏడు వాళ్ళింటికి ఊరగాయ వెళ్ళదు.

ఇది పదేళ్ళ కిందటి మాట. గుంటూరు నుంచి సత్తెనపల్లి పోయే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ, దాని పక్కన రేకుల షెడ్డు. అందులో ముప్పై మంది ఆడవాళ్ళు ఎండుమిరపకాయలకు తొడిమలు తీసి, మంచీ చెడూ ఏరేవాళ్ళు. నేను మేస్త్రిని. తెల్లబడినా, నల్లబడినా, మెత్తబడినా, బూజు పట్టినా ఆ కాయను తాలు అంటాం. నా చేతికింద తాలు కాయ దాటిపోవడమంటే పోలీసు స్టేషను ముందు నుంచి దొంగ ఈలవేసుకుంటూ పోవడమే. జరగదు. కళ్ళు మూసుకుని తడిమి చెప్పేదాన్ని. ఆ పొగరే నా కొంప ముంచింది.

ఎండాకాలం దాటితే మా షెడ్డు మూసేస్తారు. మళ్ళీ కొత్త కాయ వచ్చేదాకా అందరం ఇళ్ళల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఆ ఏడు మా షావుకారు సాంబశివరావు గారు మమ్మల్ని పిలిచి ఒక మాట చెప్పాడు.

"మెక్సికో దేశం నుంచి ఒకావిడ వస్తోంది. పేరు ఎలేనా. ఆవిడకు హోటళ్ళున్నాయి, సీసాల్లో పచ్చళ్ళు పట్టి అమ్మిద్ది. ఈవిడతో బేరం కుదిరితే వానాకాలం కూడా షెడ్డు నడుస్తది. కుదరకపోతే మీ ఇష్టం, మీ దేవుడి ఇష్టం."

"ఎలాంటి కాయ కావాలంటండీ?" అన్నాను.

"ఒక్కో దేశానికి ఒక్కో పిచ్చి రాహేలమ్మా. చైనా వాడు నూనెలో వేయించి వాసన తీసుకుని కాయ పక్కన పెడతాడు. థాయిలాండ్ వాడు ముక్కు కారితేనే కాయంటాడు. యూరోపు వాడికి రంగుండాలి, కారం ఉండకూడదు."

"కారం లేనిదాన్ని మిరపకాయ అనడం దేనికండీ, టమాటా అనొచ్చుగా."

ఆవిడ రానే వచ్చింది. నాలాగే పొట్టి మనిషి, నాలాగే లావు, నాకంటే పెద్ద గొంతు. చూడగానే మా మేనత్త కూతురేమో అనిపించింది. షావుకారు గారి కోడలు శిరీషమ్మ ఆవిడ మాటలు మాకూ, మా మాటలు ఆవిడకూ చెప్పేది. వాళ్ళ దేశపు కోడికూర వండి పెడతాననీ, అది తింటే తనకు ఎలాంటి కాయ కావాలో మాకు తెలుస్తుందనీ అందట. సంచిలోంచి ఒక గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టింది.

"రాహేలమ్మా, ఇవి ఆవిడ తెచ్చుకున్న కాయలు. తొడిమలు తీసి, గింజలు దులిపి, వేయించి, నానబెట్టి, మెత్తగా గ్రైండ్ చేసి పెట్టు. ఈలోపు ఆవిడకు స్టోరేజీ చూపించి వస్తాం" అని చెప్పి శిరీషమ్మ ఆవిణ్ణి తీసుకువెళ్ళింది.

మూట విప్పాను. ముప్పై కాయలు. ఒక్కొక్కటీ అరచెయ్యంత. లారీ టైరులా నల్లగా, తొంభై ఏళ్ళ ముసలాడి బుగ్గలా ముడతలు పడి, పట్టుకుంటే మెత్తగా, జిగటగా ఉన్నాయి. వాసన చూస్తే మిరపకాయ వాసనే కాదు, బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టిన పొగాకూ కిస్‌మిస్సూ కలిపినట్టుంది. ఇరవై ఏళ్ళ నా మేస్త్రి బతుకులో అంత పరిపూర్ణమైన తాలు నేను చూడలేదు.

అప్పుడే మా ఆయన మూటలు దించి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏందే అట్టా నిలబడ్డావు?"

"పాపం, ఈవిణ్ణి ఎవరో మోసం చేశారయ్యా. కాయంతా కుళ్ళిపోయింది. షావుకారు గారు చూస్తే ఆవిడ పరువేం కాను?"

"ముందు ఆవిణ్ణి అడుగు."

"అడిగితే సిగ్గుపడదూ? ఇంటికొచ్చిన మనిషి నవ్వులపాలైతే మనకు మంచిదా?"

"నాకెందుకో అడిగితేనే మంచిదనిపిస్తోందే."

"నువ్వు మూటలు మొయ్యి. కాయల సంగతి నాకొదిలెయ్."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగందే పారేశాను. అందరూ ఏరు దాటాక తెప్ప తగలేస్తే, నేను ఏట్లో ఉండగానే అగ్గిపుల్ల గీసే రకం. ముప్పై కాయల్నీ షెడ్డు వెనక తాలు కుప్పమీద విసిరేసి వచ్చి, కొత్త సంచి విప్పి మేలురకం తేజ కాయలు తీశాను. సన్నగా, ఎర్రగా, తగిలితే చుర్రుమనే కాయలు. ముప్పై తీసి ఆవిడ గుడ్డలో పెడితే మూట వెలితిగా కనిపించింది. మూట నిండేదాకా వేశాను. ఎన్ని పట్టాయో నన్నడక్కండి, దేవుడు అడిగినప్పుడు చెబుతాను.

షెడ్డు పక్క వంటగదిలో వేయించడం మొదలుపెట్టాను. మొదట షెడ్డు దగ్గింది, తరవాత ఆఫీసు దగ్గింది. గుమాస్తా టేబుల్ మీద ప్రింటరు కూడా దగ్గిందని మా ఆయన చెప్పేవాడు. అది మాత్రం ఆయన కల్పించిందే. గేటు దగ్గర పడుకునే కుక్క లేచి పేరేచర్ల వైపు నడిచి వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. ఎలేనమ్మ గారు కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి ఏదో అంది.

"మీ ఊరి గాలి ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అంటోంది" అంది శిరీషమ్మ.

"సీజన్‌లో అంతేనని చెప్పమ్మా."

తరవాత మిక్సీ గిన్నెలోకి తొంగి చూసి కనుబొమలు ముడిచింది.

"ముద్ద ఎర్రగా ఉందేమిటంటోంది రాహేలమ్మా. నల్లగా ఉండాలట."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పానా? "మన నీళ్ళు వేరమ్మా, నానబెడితే రంగు తేలిద్దని చెప్పు" అన్నాను. శిరీషమ్మ చెప్పింది. ఆవిడ తల ఊపింది. వంటమనిషి మాటను వంటమనిషి నమ్మేసింది.

ఇక ఆవిడ వంట చూడాలి. నువ్వులు వేయించింది, వేరుశనక్కాయలు వేయించింది, కిస్‌మిస్ వేసింది. అంతవరకూ బాగానే ఉంది. తరవాత ఒక నల్లటి చాక్లెట్ బిళ్ళ తీసి కోడికూరలో వేసింది. కోడి ఏం పాపం చేసిందని అనుకున్నాను. చాక్లెట్ కరిగి నా ఎర్ర ముద్ద నల్లబడింది. నా తప్పును దేవుడే కప్పాడనుకుని లోపల్లోపల స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

భోజనాలకు కూర్చున్నారు. మొదటి గరిటె ఇంటి పెద్దకే పెట్టడం తమ వాడుక అని చెప్పి, తను రుచి చూడకుండానే షావుకారు గారి పళ్ళెంలో నిండుగా వడ్డించింది. మీకొక రహస్యం చెప్పాలి. జిల్లాలో సగం మందికి మిరపకాయ అమ్మే మా సాంబశివరావు గారికి కడుపులో పుండు. ఇంట్లో ఆయన తినేది పెరుగన్నం, బీరకాయ. కానీ కొనడానికొచ్చిన మనిషి ఎదురుగా మిరప వ్యాపారి కారం తిననంటే ఎలా? పెద్ద ముద్ద పెట్టుకున్నాడు.

కాసేపు ఏమీ కాలేదు. తరవాత ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళజోడు మసకేసింది. నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. కంగారుపడి ఎలేనమ్మ గారు తనూ ఒక ముద్ద తింది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి ధారలు. మంచినీళ్ళ జగ్గు కోసం ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు. జగ్గు కింద పడింది.

వెక్కిళ్ళ మధ్య ఆవిడ ఏదో అడిగింది.

"ఇవి నా కాయలు కావు, నావేవీ అంటోంది" అంది శిరీషమ్మ. గొంతు మారిపోయింది.

గుమ్మంలో ముప్పై మంది ఆడవాళ్ళూ నన్నే చూస్తున్నారు. వానాకాలం నా కళ్ళముందు షట్టరులా దిగిపోతోంది.

"కుళ్ళిపోయాయమ్మా. ఆవిడ పరువు పోద్దని నేనే పారేశాను."

శిరీషమ్మ చెప్పింది. ఎలేనమ్మ గారు కుర్చీలో కూలబడింది. ఈసారి ఏడ్చింది కారానికి కాదు. ఆ కాయలు వాళ్ళమ్మ పెరట్లో ఎండబెట్టి ఇచ్చినవట. అలా నల్లబడి మెత్తగా ఉంటేనే మేలైన సరుకట. వాళ్ళ దగ్గర ఒక కాయ కారానికి, ఒకటి రంగుకి, ఒకటి తీపికి, ఒకటి వాసనకి. ఇది తీపి కాయ.

"తాలు ఎత్తుకుపోయే ట్రాక్టరు వచ్చేసిందే" అని బయటి నుంచి మా ఆయన కేకేశాడు.

నేను చీర బిగించి పరిగెత్తాను. నా వెనక ముప్పై మందీ పరిగెత్తారు. ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి అరిచాను. "ఒసే, అందరూ కుప్ప మీద పడండి. నల్లవి, మెత్తవి, జిగటవి ఏరండి."

"జీవితమంతా వాటిని పారెయ్యమని మా ప్రాణం తీశావు కదక్కా" అంది మా కోటమ్మ.

"ఇవాళ దాచిపెట్టమని తీస్తున్నా. ఏరవే."

తాలులో తాలు ఏరడం ఎంత కష్టమో మీకెవరికీ తెలియదు. మోకాళ్ళ లోతు కుప్పలో కూర్చుని గంటన్నర ఏరాం. ఎలేనమ్మ గారు కూడా గౌను మడిచి మా పక్కన కూర్చుంది. దొరికిన ప్రతి నల్ల కాయనూ వాసన చూసి, కాదంటే పక్కన పడేస్తోంది, అవునంటే ముద్దు పెట్టుకుంటోంది. ఇరవై ఆరు దొరికాయి.

ఆ కాయలతో సాయంత్రానికి మళ్ళీ వండింది. తిన్నాను. అబద్ధమెందుకు, మొదటి ముద్దకు ఇది కూరా పాయసమా అనుకున్నాను. రెండో ముద్దకు నోరు మూసుకున్నాను. నాలుగో ముద్దకు పళ్ళెం నాకాను.

అంతా అయ్యాక ఆవిడ నన్ను చూపిస్తూ షావుకారు గారితో చాలాసేపు మాట్లాడింది. ఆయన అప్పటికి ఆరో గ్లాసు మజ్జిగలో ఉన్నాడు. నేను పని పోయిందనుకుని చెప్పులు వెతుక్కుంటున్నాను.

"మావయ్యా, కారానికి మన కాయ తీసుకుంటానంటోంది" అంది శిరీషమ్మ. "నా సరుకునే తాలని పారేసిన మనిషి నా సంచిలో తాలు పడనిస్తుందా అంటోంది. కానీ రెండు షరతులు. ఏరడం రాహేలమ్మ చేతికిందే జరగాలి."

"రెండోది?"

"తను ఈ ఊరు ఎప్పుడొచ్చినా రాహేలమ్మను వంటగది ఛాయలకు రానివ్వకూడదట."

ఆ వానాకాలం మా షెడ్డు మూయలేదు. ముప్పై పొయ్యిలూ వెలిగాయి. అందుకని చదివేవాళ్ళందరి సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. పరాయి దేశపు కాయను గానీ, ఆకును గానీ, ముసలి ముడతల వేరును గానీ, దాని యజమానిని మూడుసార్లు అడిగి, నాలుక మీద పెట్టుకుని చూసి తప్ప ఇక జన్మలో పారెయ్యను. మనుషుల విషయంలో ఈ ప్రమాణం వర్తించదు.

రాశావా స్నేహా? ఏదీ, ఒకసారి చదివి వినిపించు. నవ్వకుండా చదువు, నువ్వు నవ్వితే నాకు సగం మాటలు వినపడవు.